పేరు చెప్పి లోపలికి రండి



ఇంట్లో నలుగురూ వాడుకునే వస్తువు పాడైతే ఇల్లంతటికీ తెలుస్తుంది. నీళ్ళ మోటారు ఆగినా, గ్యాసు పొయ్యి వెలగకపోయినా అంతే. కంటికి కనబడని వస్తువు ఒకటి ఇప్పుడు మా వంటి పల్లెటూరి ఇళ్ళలోనూ చేరింది. ఒక గదిలోని కంప్యూటర్‌కూ ఇంకొక గదిలోని కంప్యూటర్‌కూ ఉండే సంబంధమే అది. ఉన్నన్నాళ్ళు ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. తెగిననాడు మాత్రం ఇంట్లో ఏ పనీ సాగదు.

మాది కృష్ణా జిల్లా పామిడిముక్కల. మా ఇంటి తాతయ్యగారు ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరయ్యారు. వీధిలోని వారి కాగితాలు చూసిపెట్టడం ఆయనకు ఎప్పటినుండో ఉన్న అలవాటు. పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్లు, కౌలు కార్డులు, పట్టాదారు పాసు పుస్తకాలు, పిల్లల ఆధార్ కార్డులు, ఇలా ఎవరు ఏమి తెచ్చినా స్కాన్ చేసి ముందుగదిలోని కంప్యూటర్‌లో వారి వారి పేర్లతో దాచి ఉంచుతారు. ప్రింటర్ కూడా దానికే తగిలించి ఉంది. మేడమీద మా పెద్దబ్బాయి లాప్‌టాప్ ఉంటుంది. దరఖాస్తులు టైపు చేసేది మా అమ్మాయి. కింద ఉన్న కాగితాలను మేడమీది నుండే తెరిచి, పని ముగించి, కిందనే ప్రింటు తీస్తుంది. ఏళ్ళ తరబడి ఈ పని ఇలాగే జరుగుతూ వచ్చింది.

2025 సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి లాప్‌టాప్ తనంతట తానే కొత్త అప్‌డేట్ వేసుకుంది. తెల్లవారి చూస్తే కింది కంప్యూటర్ తెరుచుకోలేదు. తెరమీద ఇంగ్లీషులో ఒక మాట వచ్చింది. మీ సంస్థ భద్రతా నియమాలు గుర్తింపు లేని అతిథిని లోపలికి అనుమతించవు అని దాని భావం. "మన ఇంట్లో సంస్థ ఎక్కడుందే?" అని అమ్మమ్మగారు నవ్వారు. అయితే నవ్వుకుంటూ కూర్చునే సమయం కాదది. ఎదురింటి కౌలు రైతు మరునాడు ఉదయం పంటరుణం కోసం బ్యాంకుకు వెళ్ళాలి. ఆయన కాగితాలన్నీ కింద ఉన్నాయి, సగం టైపు చేసిన దరఖాస్తు మేడమీద ఉంది. ఆ పూటకు పెన్‌డ్రైవ్‌లో కాగితాలు పైకి మోసి, దరఖాస్తు కిందికి మోసి పని గట్టెక్కించాము.

సాయంత్రం అబ్బాయి తన స్నేహితునికి ఫోన్ చేసి కనుక్కొని వచ్చాడు. "తాతయ్యా, అయిదు నిమిషాల పని. రెండు ఆజ్ఞలు టైపు చేస్తే మళ్ళీ పాత పద్ధతికి వచ్చేస్తుంది" అన్నాడు.

"పాత పద్ధతి అంటే ఏమిటిరా?" అని తాతయ్యగారు అడిగారు.

"నువ్వెవరని అడగకుండా తలుపు తీస్తుంది."

తాతయ్యగారు కొంచెంసేపు ఊరుకున్నారు. "ఆ పెట్టెలో ఉన్నవి మన కాగితాలే అయితే నీ ఇష్టంరా అబ్బాయ్. అవి ఎదురింటివాళ్ళవి, పక్కింటివాళ్ళవి. వాళ్ళు నా చేతికిచ్చారు గాని వీధికివ్వలేదు" అన్నారు.

ఆ ఒక్క మాటతో అందరమూ ఆలోచనలో పడ్డాము. మా వైఫై పాస్‌వర్డ్ వీధిలోని పిల్లలందరికీ తెలుసు. సెలవుల్లో అరుగుమీద కూర్చుని పాటలు వింటారు, పాఠాలు చూసుకుంటారు. వారిని రావద్దనడం మాకు ఇష్టం లేదు. అలాగని అరుగుమీద కూర్చున్న ప్రతి ఫోనుకూ బీరువా తాళం ఇవ్వడం కూడా తగదు. గనుక అసలు ఈ అప్‌డేట్ ఏమి మార్చింది, ఎందుకు మార్చింది అన్నది ముందు తెలుసుకుందామని నిశ్చయించుకున్నాము.

విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళనూ ప్రింటర్లనూ పంచుకునే భాషకు ఎస్.ఎం.బి. అని పేరు. దాని పుట్టుక 1983లో ఐ.బి.ఎం. సంస్థలో జరిగింది. ఒకే ఆఫీసులో ఒకరినొకరు ఎరిగినవారి కోసం ఏర్పడిన భాష గనుక, ఎదుటివాని మాటను నమ్మడమే దాని తొలినాటి స్వభావం. కాలం మారింది. 2017 మే 12న వానాక్రై అనే దుష్ట ప్రోగ్రామ్ ఈ భాష యొక్క మొదటి రూపంలోని లోపం గుండా దూరి, 150కి పైగా దేశాలలో కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఇంగ్లండులో ఆసుపత్రులు ఆపరేషన్లను వాయిదా వేసుకోవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ దానికి రెండు నెలల ముందే, 2017 మార్చిలోనే వచ్చింది. దానిని సకాలంలో వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ లోపం గుండా దూరడం వానాక్రైకి సాధ్యపడలేదు.

అప్పటినుండి ఒక్కొక్క పాత తలుపూ మూతపడుతూ వచ్చింది. 2017 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 కొత్త రూపంతో, ఎస్.ఎం.బి. మొదటి రూపాన్ని కొత్తగా స్థాపించే కంప్యూటర్లలో పెట్టడం మానేశారు. 2009లో విండోస్ 7తో పాటు వచ్చిన హోమ్‌గ్రూప్ సదుపాయాన్ని 2018 ఏప్రిల్ అప్‌డేట్‌లో తీసివేశారు. 2021 సెప్టెంబర్‌లో ప్రింటర్ల భద్రతను బిగించినప్పుడు, పంచుకున్న ప్రింటర్లు ఎన్నో చోట్ల పలకడం మానేశాయి. చివర 11బి అని ఉండే తప్పు సంఖ్య ఆ రోజుల్లో చాలామందికి కనబడింది. చివరగా 2024 అక్టోబర్ 1న విడుదలైన విండోస్ 11, 24హెచ్2 రూపం వచ్చింది. మా లాప్‌టాప్‌లో ఉన్నది ప్రో రకం. ఆ రకంలో ఈ రూపం నుండి రెండు మార్పులు జరిగాయి. ఒకటి, పంపే ప్రతి సందేశంమీదా కంప్యూటర్ సంతకం చేయాలి. రెండు, అతిథి అనే పేరుతో ఊరూ పేరూ చెప్పకుండా లోపలికి పోవడం ఇక కుదరదు.

ఈ రెండింటికీ సంబంధం ఉంది. సంతకానికి కావలసిన రహస్యం మనం ఇచ్చే పాస్‌వర్డ్ నుండి పుడుతుంది. అతిథికి పాస్‌వర్డ్ లేదు. పాస్‌వర్డ్ లేనివానికి సంతకమూ లేదు. సంతకం లేని ఉత్తరాన్ని ఎవరు రాశారో, దారిలో ఎవరు దిద్దారో చెప్పలేము. లాప్‌టాప్ చెప్పిన అభ్యంతరం ఇంతే. మా కింది కంప్యూటర్‌ను బిగించిననాడు, అందరి ఇళ్ళలోనూ చేసినట్టే, పాస్‌వర్డ్ అడగకుండా పంచుకునే పద్ధతిలో పెట్టి వెళ్ళారు. అది ఆనాటి వాడుక. ఇప్పుడు మేడమీదివాడు పేరు అడుగుతున్నాడు, కిందివాడు అతిథినంటున్నాడు.

మా మండలంలోనే వీరంకిలాకు అనే ఊరుంది. కాలువల్లో పడవలు తిరిగిన కాలంలో లాకు తలుపుల దగ్గర ప్రతి పడవా ఆగవలసిందే. ఆ తలుపులు ప్రయాణాన్ని ఆపడానికి పెట్టినవి కావు. ఒక నీటిమట్టం నుండి ఇంకొక మట్టానికి పడవను క్షేమంగా దాటించడానికి పెట్టినవి. ఆలస్యమైందని తలుపులు ఊడదీసిన పడవవాడు ఎవడూ లేడు.

మేము చేసిన పని వరుసగా చెబుతాము. మీలో ఎవరికైనా ఇదే ఇబ్బంది వస్తే ఉపయోగపడవచ్చు.

మొదట రెండు కంప్యూటర్లూ ఒకే వైఫైలో ఉన్నాయో లేదో చూశాము. తరువాత సెట్టింగ్స్‌లో మా నెట్‌వర్క్ ఏ రకంగా ఉందో చూశాము. పబ్లిక్ అని ఉంటే కంప్యూటర్ తాను బస్టాండులో ఉన్నాననుకొని దాక్కుంటుంది. ఇంట్లోని నెట్‌వర్క్‌ను ప్రైవేట్ అని మార్చాలి. అక్కడే నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ అనే రెండు మీటలూ వేసి ఉండాలి. అప్‌డేట్ తరువాత కంప్యూటర్లు ఒకదానికొకటి కనబడకపోతే ముందుగా వెదకవలసిన చోటు ఇదే.

రెండవది, కింది కంప్యూటర్‌లో ఇద్దరికి పేర్లు పెట్టాము. ఒకటి తాతయ్యగారి తరఫున కాగితాల పని చేసే అమ్మాయికి, ఇంకొకటి మిగిలిన ఇంటివారందరికీ. రెండూ సామాన్య ఖాతాలే. కంప్యూటర్‌మీద పూర్తి అధికారం వాటికి ఇవ్వలేదు. ఒక్కొక్క దానికి పొడుగైన పాస్‌వర్డ్ పెట్టాము.

మూడవది, ఫోల్డర్లను వేరు చేశాము. పాటలు, ఫోటోలు, పెళ్ళి వీడియోలు ఒక దానిలో ఉంచి, రెండు పేర్లకూ తెరిచాము. ఇరుగుపొరుగువారి కాగితాలు ఇంకొక దానిలో ఉంచి, మొదటి పేరుకు మాత్రమే అనుమతి ఇచ్చాము. అందరికీ అనే మాటను ఆ జాబితా నుండి తీసివేశాము. ఆ తరువాత పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ అనేదానిని ఆన్ చేశాము.

నాలుగవది, మేడమీది లాప్‌టాప్‌లో కింది కంప్యూటర్‌ను తెరిచినప్పుడు పేరూ పాస్‌వర్డూ అడిగింది. ఇక్కడ చాలామంది చిక్కుపడే చోటు ఒకటుంది. మనం ప్రతిరోజూ కంప్యూటర్ తెరవడానికి నొక్కే నాలుగంకెల పిన్ ఇక్కడ పనికిరాదు. అది ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి మాత్రమే. నెట్‌వర్క్ గుండా వెళ్ళేటప్పుడు ఎదుటి కంప్యూటర్‌లోని ఖాతా పాస్‌వర్డే ఇవ్వాలి. పేరు ముందు ఆ కంప్యూటర్ పేరు కూడా చేర్చి రాస్తే తికమక ఉండదు. గుర్తుంచుకో అనే గడిలో గుర్తుపెడితే మళ్ళీ మళ్ళీ అడగదు.

అయిదవది, ప్రింటర్. రెండు కంప్యూటర్లకూ ఉన్న అప్‌డేట్లన్నీ వేసి, ప్రింటర్‌ను తీసివేసి మళ్ళీ చేర్చాము. ఒక వైపు కొత్తది, రెండవ వైపు పాతది ఉంటే ఇద్దరికీ మాట కుదరదు.

చివరిగా మా రూటర్‌లో అతిథులకని వేరే వైఫై ఉంది. దానిని తెరిచి వీధి పిల్లలకు దాని పాస్‌వర్డ్ ఇచ్చాము, ఇంటివారి వైఫైకి పాస్‌వర్డ్ మార్చాము. అతిథుల వైఫైలో ఉన్న ఫోనుకు ఇంటర్నెట్ వస్తుంది గాని మా కంప్యూటర్లు కనబడవు. అరుగు ఎప్పటిలాగే అందరిదీ, బీరువా ఇంటివారిది. మొత్తం పనికి ఒక పూట పట్టింది. అబ్బాయి చెప్పిన అయిదు నిమిషాలతో పోలిస్తే ఎక్కువే.

సంతకం అక్కరలేదని చెప్పే ఆజ్ఞ, అతిథిని మళ్ళీ రానిచ్చే మీట, ఎస్.ఎం.బి. మొదటి రూపాన్ని తిరిగి స్థాపించడం, ఫైర్‌వాల్‌ను ఆపివేయడం, ఇవన్నీ కూడా పనిచేసేవే. అందుకే వాటిని చెప్పేవారు చాలామంది ఉంటారు. చేసిన వెంటనే ఫోల్డర్ తెరుచుకుంటుంది గనుక బాగుపడిందనుకుంటాము. నెట్‌వర్క్‌కు తగిలించే పాత పెట్టెలు కొన్ని కొత్త పద్ధతిని ఎరగవు. అటువంటివాటికి తయారుచేసినవారు కొత్త సాఫ్ట్‌వేర్ ఇస్తే వేయాలి, ఇవ్వకపోతే ముఖ్యమైన కాగితాలను వాటిలో ఉంచకపోవడమే మేలు.

ఇంకొక సంగతి. విండోస్ 10కు మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. మా కింది కంప్యూటర్ పాతది గనుక విండోస్ 11 దానిలోకి ఎక్కదు. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో దానిని చేర్చాము. అయినా కాగితాలన్నిటికీ ఒక ప్రతి వేరే హార్డ్ డిస్కులో తీసి, డిస్కును ఊడదీసి బీరువాలో పెడుతున్నాము. కంప్యూటర్‌కు తగిలించి ఉన్న ప్రతిని దొంగ ప్రోగ్రామ్ తాకగలదు, బీరువాలో ఉన్నదానిని తాకలేదు.

ప్రియులారా, మన పల్లెల్లో పదిమంది కాగితాలు దాచిపెట్టే ఇల్లు వీధికొకటి ఉంటుంది. చదువుకున్న కోడలో, రిటైరైన మాస్టారో, పొదుపు సంఘం లెక్కలు రాసే అక్కో ఆ పని చేస్తారు. వారి దగ్గర కాగితం పెట్టినవారు రసీదు అడగరు, నమ్మకంతో ఇచ్చిపోతారు. అటువంటి ఇంట్లో కంప్యూటర్ ఒక ఉదయం పేరు అడిగితే విసుక్కోవద్దు. ఒక పూట వెచ్చించి ప్రతివారికీ ఒక పేరు, ఒక తాళం ఇవ్వండి. పాస్‌వర్డ్లు ఒక నోటుపుస్తకంలో రాసి, పాసు పుస్తకాలు దాచేచోటనే దాచండి. ఇంట్లో కనీసం ఇద్దరికి ఆ పుస్తకం ఎక్కడుందో తెలిసి ఉండాలి.