సీ డ్రైవ్ ఎర్రబడితే...

ఈసీఈ అయినా, సీఎస్ఈ అయినా, మన కాలేజీలో అందరికీ కామన్‌గా ఉండే కష్టం ఒకటుంది. 'దిస్ పీసీ' ఓపెన్ చేయగానే సీ డ్రైవ్ కింద ఎర్ర గీత. నా ల్యాప్‌టాప్‌ది 256 జీబీ ఎస్ఎస్‌డీ. కొన్నప్పుడే అందులో 238 చూపించింది. మిగతా 18 షాపువాడు కొట్టేశాడేమో అనుకున్నా. కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1024తో లెక్కపెడుతుంది, అంతే తేడా అని ఫస్టియర్‌లో తెలిసింది. ఆ 238లో విండోస్, ఆండ్రాయిడ్ స్టూడియో, దాని ఎమ్యులేటర్, మ్యాట్‌ల్యాబ్, సీనియర్లు ఇచ్చిన పీడీఎఫ్‌లు పోగా, నాకంటూ మిగిలింది 'ఇల్లు' అనే ఒక్క ఫోల్డర్. 38 జీబీ.

ఆ ఫోల్డర్ గురించి చెప్పాలంటే 2020కి పోవాలి.

మాది ఉప్పుగూడ. ఆ ఏడాది అక్టోబర్ 13 రాత్రి పాతబస్తీలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. నేను టెన్త్, ఆన్‌లైన్ క్లాసులు. సాయంత్రం మొదలైన వాన ఆగలేదు. అర్ధరాత్రికి నీళ్ళు ఇంట్లోకి వచ్చి నడుము దాకా లేచాయి. నాయనమ్మను ఎత్తుకుని పక్కింటివాళ్ళ డాబా మీదికి పోయాం. బియ్యం, ఫ్రిజ్, పరుపులు అన్నీ పోయాయి. అవి మళ్ళీ కొనుక్కున్నాం. బీరువా కింది అరలో మూడు ఆల్బములుండేవి. తాతవి, అమ్మానాయినల పెళ్ళివి, మా చిన్నప్పటివి. బురదలోంచి తీసి అమ్మ వాటిని ఎండలో పెట్టింది. అదే తప్పయింది. ఫొటో కాగితం మీద జెలటిన్ పొర ఉంటుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే పక్క ఫొటోకి జిగురులా అతుక్కుంటుంది. తడిగా ఉన్నప్పుడే మంచి నీళ్ళలో వేసి మెల్లగా విడదీయాలట. శాలిబండలో ఒక స్టూడియో ఆయన చెప్పేసరికి మా ఫొటోలు అట్టముక్కలైపోయాయి. విడదీస్తే తాత మొహం అవతలి ఫొటో వెనక్కి అంటుకుని వచ్చింది. నలభై చిల్లర మిగిలాయి.

అప్పటినుంచి నాకో పిచ్చి పట్టింది. మిగిలిన ఫొటోలన్నీ ఫోన్‌తో తీశా. నాయనమ్మను కూర్చోబెట్టి వీడియోలు తీశా. మొత్తం పదకొండు. ఒకదాంట్లో బోనాల పాట, ఒకదాంట్లో సర్వపిండి, ఇంకోదాంట్లో వాళ్ళ అత్తగారి నోట విన్న 1908 మూసీ వరద. అఫ్జల్‌గంజ్ దవాఖాన ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారే, ఆ ముచ్చట. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. నాయనమ్మ 2022లో పోయింది.

ఈ ఏడాది సెమ్ అయ్యాక ఆ 38 జీబీని క్లౌడ్‌లోకి ఎక్కించా. ఊరికే వచ్చే జాగా చాలదు కాబట్టి నెలనెలా డబ్బు కట్టే ప్లాన్ తీసుకున్నా. ఇంటి వైఫైలో అప్‌లోడ్‌కి మూడు రాత్రులు పట్టింది. ఫోన్ తెరిచి చూస్తే అన్నీ కనిపించాయి. రెండు చోట్ల ఉన్నాయి కదా, ల్యాప్‌టాప్‌లో ఎందుకు దండగ అనుకున్నా. జూన్ 9న ఫోల్డర్ మీద షిఫ్ట్ డిలీట్ కొట్టా. ఏదో హెచ్చరిక వచ్చింది. చదవలేదు. మనం ఏ హెచ్చరిక చదివాం గనక? ఎర్ర గీత నీలంగా మారింది. ఆ రోజు బిర్యానీ కూడా తిన్నా.

నేను చేసింది ఏమిటో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తా. సింక్ అయ్యే ఫోల్డర్ అంటే గోదాము కాదు, అద్దం. ఇక్కడ చేయి ఎత్తితే అక్కడా ఎత్తుతుంది. ఇక్కడ తుడిస్తే అక్కడా తుడిచేస్తుంది. జాగా ఖాళీ చేయడానికి వేరే పద్ధతి ఉంది. వన్‌డ్రైవ్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ కొడితే 'ఫ్రీ అప్ స్పేస్' అని ఉంటుంది. అది నొక్కితే ఫైల్ పేరు మాత్రం ఇక్కడ ఉంటుంది, సరుకు పైన ఉంటుంది. పక్కన నీలం మబ్బు బొమ్మ కనిపిస్తుంది. ఆకుపచ్చ టిక్కు ఉంటే సరుకు మన డిస్క్‌లోనూ ఉన్నట్టు. గూగుల్ డ్రైవ్‌ను కంప్యూటర్‌లో వేసుకుంటే 'స్ట్రీమ్', 'మిర్రర్' అని రెండు అడుగుతుంది. స్ట్రీమ్ పెడితేనే జాగా మిగిలేది. డిలీట్ చేసినవి అక్కడ ట్రాష్‌లో 30 రోజులుంటాయి. తర్వాత ఉండవు.

లాల్ దర్వాజ బోనాల ఆదివారం మధ్యాహ్నం, చుట్టాలందరూ ఉన్నారు. నాయిన అన్నాడు, "ఏం రా, నాయనమ్మ పాట వెట్టు టీవీల."

ఫోల్డర్ లేదు. ట్రాష్ చూశా, ఖాళీ. వేళ్ళ మీద లెక్కపెట్టా. నలభై ఒక్క రోజులు.

"నెట్ స్లో ఉంది నాయినా" అన్నా. రెండు రోజులు అదే అబద్ధం నడిపించా. రికవరీ సాఫ్ట్‌వేర్లు నడిపా, ఏమీ రాలేదు. ఎస్ఎస్‌డీలో డిలీట్ అయిన భాగాన్ని ట్రిమ్ అనే కమాండ్ సాయంతో డిస్కే ఖాళీ చేసేసుకుంటుంది. పాత హార్డ్ డిస్క్ అయ్యుంటే కొంత ఆశ ఉండేది. ఓఎస్ క్లాసులో ఇది చెప్పిన రోజు నేను వెనక బెంచీలో ఐపీఎల్ స్కోరు చూస్తున్నా.

మూడో రోజు రాత్రి చెప్పేశా. నాయిన తిట్టలేదు. కుట్టు మిషన్ ఆపి కొంచెంసేపు సూది వైపు చూశాడు. "గప్పుడు నీళ్ళు జేసినయ్, గిప్పుడు నువ్వు జేస్తివి" అన్నాడు. మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కరీంనగర్‌లో మా అత్త ఫోన్‌లో మూడు వీడియోలు దొరికాయి, ఎప్పుడో నేను వాట్సాప్‌లో పంపినవి. నాణ్యత పోయింది, మొహం మసకగా ఉంటుంది, గొంతు మాత్రం బానే ఉంది. నలభై ఫొటోల అసలు ప్రింట్లు సజ్జ మీద డబ్బాలో అలాగే ఉన్నాయి. ఒక ఆదివారమంతా కూర్చుని మళ్ళీ తీశా. నవ్వొచ్చింది, మొత్తం వ్యవహారంలో మిగిలింది వరద చూసిన కాగితమే.

సికింద్రాబాద్ సీటీసీకి పోయి ఒక టీబీ హార్డ్ డిస్క్ కొన్నా. ఒక కాపీ దాంట్లో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి అక్క వాళ్ళింట్లో. వాళ్ళది రెండో అంతస్తు. మీలో ఎవరైనా ఇంటి ఫొటోలు కాలేజీ మెయిల్ అకౌంట్‌లో పెట్టుకుని ఉంటే ఇప్పుడే తీసుకోండి, పాసౌట్ అయ్యాక ఆ అకౌంట్ మనది కాదు. సొంత గూగుల్ అకౌంటైనా రెండేళ్ళు ముట్టుకోకపోతే తీసేయొచ్చని 2023లో వాళ్ళే రూల్ పెట్టారు.

దొరికిన మూడింట్లో చింతచెట్టు ముచ్చట ఒకటి. వాట్సాప్‌లో పంపడానికి అప్పట్లో నేనే చివర కత్తిరించానట్టుంది, రెండు నిమిషాల దగ్గర ఆగిపోతుంది. నీళ్ళు పెరుగుతున్నాయి, జనం కొమ్మలెక్కుతున్నారు, నాయనమ్మ చేయి పైకెత్తి "ఇగ సూడు..." అంటుంది. అక్కడికి అయిపోతుంది. తర్వాత ఏం చెప్పిందో నాయినకు కొంత గుర్తుంది, అత్తకు ఇంకో రకంగా గుర్తుంది. ఇద్దరివీ వేరువేరుగా రికార్డు చేశా.