నీటినడుమ నాగార్జునకొండ

సముద్రతీరము లేని నల్లగొండసీమలో నోడప్రయాణ మెక్కడిదని సోదరీమణు లడుగవచ్చును. కృష్ణ కడ్డముగా గట్టిన నాగార్జునసాగర మా కొఱతను దీర్చుచున్నది.

హైదరాబాదునుండి మేము మోటారుబండిలో నిబ్రహీంపట్నము, మాలు, కొండమల్లేపల్లి దాటి పోతిమి. త్రోవ కిరువైపుల బండలగుట్టలు, ఎఱ్ఱచెలకలు, తాటిచెట్లు. ఇట్టి మెట్టసీమ చివర నకస్మాత్తుగా నీలిజలరాశి కాన్పించెను. 1955లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన యీ యానకట్టనుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువవలన మిర్యాలగూడెపు పొలములలో వరి పండుచున్నది. అందులకై లోయలోని పల్లెలవా రిండ్లు వాకిండ్లు విడిచి పోవలసివచ్చెను.

లాంచీలో సుమారు ముప్పావుగంటకు పల్నాడుజిల్లాకు జేరిన నాగార్జునకొండ చేరితిమి. చుట్టును కొండలు, చల్లని గాలి. పిల్లల సంతోషమునకు మేర లేదు. ఆ నీటిక్రిందనే మూడవ నాల్గవ శతాబ్దులలో నిక్ష్వాకు లేలిన విజయపురి యున్నది. 1954 మొదలు 1960 వఱకు పురావస్తుశాఖవా రచ్చట త్రవ్వకములు జరిపిరి. పిమ్మట గొన్ని కట్టడములను కొండపైకి దెచ్చి మరల నిలిపిరి.

ప్రదర్శనశాలలోని శిల్పముల సొగసు మాత్రమే చూచి మరలరాదు. విజయపురి శాసనములలో స్త్రీల పేర్లు పెక్కులు గలవు. వాసిష్ఠీపుత్ర చాంతమూలమహారాజు సోదరి చాంతిసిరి మహాచైత్యమునకు దాత్రి. బోధిసిరి యను నుపాసిక సింహళదేశపు భిక్షువులకై చైత్యగృహము గట్టించెను. రాజుల నగరము నీటిపాలయ్యెను. ఆ యిల్లాండ్ర పేర్లు మాత్రము ఱాతిపై నిలిచి మనకు దక్కినవి. సాగరమునకు బోవువారు తమ కూఁతులకు నా పేర్లు చెప్పి మఱి లాంచీ నెక్కింతురుగాక!