గీతకు ఇవతల

మోకాలు దెబ్బతిని నేను వాలీబాల్ మానుకున్న తరువాత, మా పేట కుర్రవాళ్ళకు ఆట నేర్పమని పాస్టరుగారు అడిగారు. సరేనన్నాను గాని నా మనస్సు కోర్టులోనే ఉండిపోయింది. నా స్థానంలో ఆడే పిల్లవాడు బంతి వదిలేస్తే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, లోలోపల సంతోషించేవాణ్ణి.

ఐర్లాండులో నర్సుగా ఉన్న మా అక్క కూతురు సెలవుకు వచ్చినప్పుడు మిక్ ఓడ్వయర్ అనే ఆయన సంగతి చెప్పింది. అక్కడి గేలిక్ ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టవచ్చు, కాలితో తన్నవచ్చు. జట్టుకు 15 మంది. గోలుకు మూడు పాయింట్లు, ఆయన కాలంలో అడ్డకర్ర మీదుగా పోతే ఒకటి. ఎంత గొప్ప ఆటగాడికైనా జీతం లేదు. గెలిచినవారికిచ్చే కప్పుకు సామ్ మగ్వైర్ పేరు పెట్టారు. కతోలికులే ఎక్కువగా ఆడే ఆ ఆటలో ఆయన మనవంటి ప్రొటెస్టెంటట! మా ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాము.

ఓడ్వయర్ 1936లో పుట్టారు. ఊరు కెర్రీ కౌంటీలోని వాటర్‌విల్. మోటారు గ్యారేజీ నడుపుకుంటూ ఆడి 1959, 1962లలో కప్పు గెలిచారు. ఆ తరువాత కొద్ది కాలానికి రెండు కాళ్ళూ విరిగాయి. అయినా, వెనుక వరుసలో ఆడిన మనిషి ముందు వరుసకు మారి 1969, 1970లలో మళ్ళీ గెలిచారు.

1975లో కుర్రవాళ్ళ జట్టుకు శిక్షకుడై ఆ యేడే కప్పు తెచ్చారు. 1986 నాటికి ఎనిమిది కప్పులు. నన్ను పట్టుకున్నది మాత్రం 1982. వరుసగా అయిదవ కప్పు చేతికి వచ్చినట్టే ఉండగా, ఆఖరి నిమిషాల్లో ఆఫలీ జట్టు గోలు కొట్టింది. ఒక్క పాయింటుతో ఓటమి! ఆయన బూట్లు వేసుకుని లోపలికి దిగలేరు గదా. గీతకు ఇవతల నిలబడి చూడవలసిందే. ఆ జట్టునే మళ్ళీ 1984, 1985, 1986లలో గెలిపించారు.

అటుపిమ్మట కిల్‌డేర్ అనే వేరే కౌంటీకి వెళ్ళి, 1998లో 42 ఏళ్ళ తరువాత వారికి లెన్‌స్టర్ ప్రాంతపు పోటీ గెలిపించారు. ఆ యేడే సెమీఫైనల్లో తన సొంత కెర్రీనే ఓడించారు. మన పేటవాడు పక్క ఊరి జట్టును తయారుచేసి మనల్ని ఓడిస్తే ఊరుకుంటామా? 2025 ఏప్రిల్‌లో 88 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

ఆ రాత్రి ప్రార్థనకు మోకరించలేక మంచం మీదే కూర్చుని ఆ పిల్లవాడి పేరు ప్రభువు ముందు ఎత్తాను. తెల్లవారి వాడింటికి వెళ్ళి, “ఒరే అబ్బాయ్, చెయ్యి ముందు చాచి తప్పు చేస్తున్నావు, రా చూపిస్తాను” అన్నాను. ఆ తప్పు నాకు ఆరు నెలలుగా తెలుసు.