ఘాట్‌ రోడ్డు కన్నా ముందే కడుపులో తిప్పితే...

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాకా ఉక్కపోతే, కారు అద్దాలు బిగించి ఏసీ పెట్టాల్సిందే. వానాకాలమైతే మీట నొక్కగానే తడి గోనెసంచి విప్పినట్టు గుప్పున ముక్కవాసన. కొండ మలుపులు రాకముందే వెనక సీట్లో పిల్లలకు వికారం మొదలు. సెంటు డబ్బా పెడితే రెండు వాసనలూ కలిసి మరీ ఘోరం!

అసలు గుట్టు డ్యాష్‌బోర్డు వెనకుంది. అక్కడి చల్లటి కాయిల్‌ మీద గాలిలోని తేమ నీరై, కింది గొట్టంలోంచి బయటికి కారిపోవాలి. గొట్టం పూడుకుపోయినా, తడి ఆరకముందే బండి ఆపేసినా బూజు పడుతుంది. అందుకే ప్రయాణానికి ముందురోజే ఏసీ ఫిల్టరు తీసి చూడాలి. చాలా కార్లలో అది గ్లవ్‌బాక్సు వెనకే ఉంటుంది. నల్లబడితే మార్చడమే, దులిపి పెట్టడం దండగ. తడి మ్యాట్లు ఎండలో వేయాలి. అప్పటికీ పోకుంటే మెకానిక్‌తో కాయిల్‌ కడిగించాలి.

ఘాట్‌ ఎక్కాక ఏసీతో పనేముంది? అది ఆపి, ఫ్యాన్‌ తిరగనిచ్చి, బయటి గాలి లోపలికొచ్చేలా మీట మారిస్తే కాయిల్‌ ఆరుతుంది. ఇంటికి చేరే 5 నిమిషాల ముందూ ఇదే పని చేయాలి. అనంతగిరి కాఫీ తోటల దగ్గర వాన తెరిపిచ్చిందా, అద్దాలు దించేయొచ్చు. బొర్రా మలుపులో పిల్లలు అడిగేది వాంతి కవరు కాదు, బొంగు చికెన్‌.