బండి బతుకుతుందా... పుదుపేట చెబుతుంది!

చెన్నై ఎగ్మూరు స్టేషన్లో దిగి కూవం నది వైపు ఓ పావుగంట నడవండి. సాంబారు, మల్లెపూల వాసన మెల్లగా వెనకబడుతుంది. గ్రీజు, కాలిన ఇంజినాయిలు, తుప్పు కలిసిన ఓ ఘాటు ముక్కుకు తగులుతుంది. కాళ్లకింద నేల తారుతో నల్లబడిందో ఆయిలుతో నల్లబడిందో చెప్పడం కష్టం. ఓ కొట్టు ముందు కారు తలుపుల్ని బీరువాలో పుస్తకాల్లా వరసగా నిలబెట్టి ఉంటారు. పక్క కొట్లో అన్నీ సైలెన్సర్లే. ఆ పక్కన తాడుకు గుమ్మడికాయల్లా వేలాడే పెట్రోలు ట్యాంకులు. వాటి మధ్యన స్టూలేసుకుని కూర్చుని టీ తాగే యజమాని... ఏ కుప్పలో ఏముందో ఆయనకు తప్ప దేవుడికి కూడా తెలియదు!

అదే పుదుపేట. అంటే కొత్తపేట అని అర్థం. పేరుకే కొత్త, దొరికేవన్నీ పాతవే. ధనుష్ హీరోగా సెల్వరాఘవన్ తీసిన తమిళ సినిమా 'పుదుపేట్టై' (2006)తో ఈ పేరు బయటివాళ్లకూ పరిచయమైంది. సినిమాలో కత్తులు ఎక్కువ. ఇక్కడ మాత్రం స్పానర్లు ఎక్కువ. నదికి అవతల ఉన్న చింతాద్రిపేట 1734లో నేత మగ్గాల కోసం వెలిసిన పేట. తమిళంలో 'తరి' అంటే మగ్గం. ఆ 'చిన్న తరి పేట'యే చింతాద్రిపేట అయిందంటారు. అవతల ఒకప్పుడు నూలు పోగులు కలిపి గుడ్డ నేసేవారు. ఇవతల బండిని పోగులు పోగులుగా విడదీస్తారు.

ఆదిత్తనార్ సాలై, దాని చుట్టూ అల్లుకున్న సందులు... వీటిలో తెలుగు వినపడటం వింతేమీ కాదు. నెల్లూరు, కావలి, తిరుపతి, చిత్తూరు మెకానిక్కులకు చెన్నై పక్క రాష్ట్రం రాజధానిలా ఉండదు. పక్క వీధిలా ఉంటుంది. గోనెసంచిలో అరిగిన సామాను వేసుకుని పొద్దున రైలెక్కుతారు. 'దీనికి జోడీ ఉందా?' అని కొట్టుకొట్టుకూ చూపిస్తారు. రాత్రి బండికి తిరిగెళ్లిపోతారు.

వాళ్లంతా వచ్చేది సామాను కోసమే అనుకుంటాం. నిజానికి చాలామంది ఒక ప్రశ్న పట్టుకుని వస్తారు... ఉన్న బండికి ప్రాణం పోయాలా, వదిలేసి ఇంకోటి కొనాలా? మామూలు బైకుకైతే జవాబు వీధి చివరి మెకానిక్కే చెప్పేస్తాడు. చిక్కంతా డర్ట్ బైకులతోనే.

దారి లేని చోట నడిచే బండి

డర్ట్ బైకంటే మట్టిదారులు, రాళ్లు, వాగుల కోసం పుట్టిన బండి. నేలకు ఎత్తుగా ఉంటుంది. గళ్ల టైర్లు, పుల్లల చక్రాలు, ముందు పొడవాటి ఫోర్కులు. మన దేశంలో చాలాకాలం అలాంటివి మామూలు షోరూముల్లో అమ్మలేదు. దాంతో కుర్రాళ్లే ఉన్నవాటిని మార్చుకునేవారు. ఎక్కువగా బలైంది... కాదు, వెలిగింది యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన ఈ 98 సీసీ టూస్ట్రోక్ బండి బరువు 103 కిలోలే. 11 హార్స్‌పవర్ల ఇంజిను. మట్టి పందేల్లో దుమ్ము రేపింది.

ఇప్పటికీ ఆర్‌ఎక్స్ 100 అయితే పుదుపేటలో ప్రశ్నే లేదు. బాగు చేయించుకోవడమే! పిస్టను నుంచి పక్క మూత దాకా ఏదో ఒక రూపంలో దొరుకుతుంది. చక్కగా తయారుచేసిన బండికి లక్ష దాటి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు.

హీరో ఇంపల్స్ కథ వేరు. హోండా నుంచి విడిపోయిన 2011లోనే హీరో సంస్థ తెచ్చిన 150 సీసీ బండి ఇది. బ్రెజిల్ రోడ్ల మీద తిరిగే హోండా 'బ్రోస్'కు దగ్గరి చుట్టం. కొండదారిలో హాయిగా పోయేది. కానీ అప్పటికి మన జనం అలాంటి బండి అడగలేదు. కొన్నేళ్లకే అమ్మకాలు ఆగిపోయాయి. ఇలా ముందుగా పుట్టిన బండ్లకు ఒక శాపం ఉంటుంది... ముచ్చటపడి కొనేవాళ్లు ఆలస్యంగా వస్తారు, అప్పటికి సామాను ఉండదు!

సరిగ్గా అలాంటి ఓ ఇంపల్స్ గోనెసంచిలో పుదుపేట చేరింది. బండి మొత్తం కాదు లెండి. సిలిండరు బ్లాకు, పిస్టను, రెండు ఫోర్కు పైపులు. మోసుకొచ్చినవాళ్లు మేనమామ, మేనల్లుడు. మామకు కావలిలో మెకానిక్ షెడ్డుంది. అల్లుడు ఉదయగిరి వైపు కొండల మీద సెల్‌టవర్లు చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగి. టవరు ఆగిపోయిందని ఫోనొస్తే అర్ధరాత్రైనా వెళ్లాలి. వెళ్లే దారిలో సగం దారే ఉండదు. 2012లో రిజిస్టరైన ఈ బండిని ఐదేళ్ల కిందట 45 వేలకు కొన్నాడు. ఇప్పుడది నీలం పొగ కక్కుతోంది. ముందు ఫోర్కులు ఆయిలు కారుస్తున్నాయి.

మామ కావలిలోనే సగం వైద్యం చూసి వచ్చాడు. స్పార్క్ ప్లగ్గు తీసి ఆ కన్నంలో గేజి బిగించాడు. థ్రాటిల్ పూర్తిగా తిప్పిపట్టి స్టార్టరు నొక్కితే, లోపల ఎంత ఒత్తిడి పుడుతోందో ముల్లు చెబుతుంది. ముల్లు బద్ధకంగా లేచి మధ్యలోనే ఆగింది. అదే కన్నంలోంచి చెంచాడు ఇంజినాయిలు పోసి మళ్లీ నొక్కాడు. ఈసారి ముల్లు పైకెక్కింది. ఆయిలు వెళ్లి రింగుల సందులు మూసిందన్నమాట. అంటే అరిగింది బోరు, రింగులు. ఆయిలు పోసినా లేవకపోతే తప్పు వాల్వులదో గ్యాస్కెట్‌దో అయ్యుండేది. తర్వాత బ్లాకు ఊడదీసి కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని పైకీ కిందకీ ఆడించి చూశాడు. కదల్లేదు. పక్కలకు కాస్త ఆడింది, అది ఉండాల్సిందే. పైకీ కిందకీ ఆడితే మాత్రం క్రాంకు దాకా విప్పాలి, ఖర్చు రెట్టింపు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఈ చెంచాడు ఆయిలు కిటుకు గుర్తుపెట్టుకుంటే అమ్మేవాడి మాటల మీద ఆధారపడక్కర్లేదు.

దొరికేది ఒకటి, కావాల్సింది ఇంకొకటి

ఇంజిన్ సంగతి పుదుపేటలో మొదటి గంటలోనే తేలిపోయింది. ఇంపల్స్ ఇంజినూ, హంక్, సీబీజీ ఎక్స్‌ట్రీమ్‌ల ఇంజిన్లూ ఒకే కుటుంబం. ఆ రెండు బండ్లూ ఊరూరా తిరిగాయి కాబట్టి సామాను గుట్టలుగా ఉంది. లేత్ దగ్గర బోరు పావు మిల్లీమీటరు పెంచి, ఒక సైజు పెద్ద పిస్టను వేస్తే సరి.

ఓ కొట్టాయన ఇంకా సులువైన మార్గం చెప్పాడు. "మొత్తం ఇంజినే తీసుకో తంబీ. హంక్‌ది. బోరు పనికయ్యే డబ్బుకు ఇంకాస్త కలిపితే చాలు."

అల్లుడి కళ్లు మెరిశాయి. "బాగుంది కదా మామా, రేపే బిగించెయ్యొచ్చు!"

"బిగించడానికి ఎంతసేపురా. దాని మీద నంబరుందే, అదెవరిది?"

దొంగ బండ్లు ముక్కలై ఇక్కడికి చేరతాయన్న అపవాదు ఈ పేటకు పాతదే. నిక్కచ్చిగా వ్యాపారం చేసేవాళ్లు బండి కాగితం నకలు చూపించి మరీ అమ్ముతారు. ఆ కొట్టాయన మాత్రం కాగితం మాట ఎత్తగానే టీ తాగుదామన్నాడు. ఇంజిన్ మారిస్తే రవాణా శాఖ అనుమతితో ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఎక్కించుకోకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీకి ఓ సాకు దొరికినట్టే. కొండల్లో రాత్రిపూట తిరిగేవాడికి అది చిన్న విషయం కాదు.

తర్వాత మూడు గంటలూ ఫోర్కు పైపుల వేట. ఇక్కడే పుదుపేట అసలు పాఠం చెబుతుంది. బండి బతుకుతుందా అని అందరూ ఇంజిన్ వైపే చూస్తారు. ఇంజిన్లు దొరుకుతాయి! ఆ బండికి మాత్రమే ప్రత్యేకమైనవి ఏవున్నాయో అవే దొరకవు. ఇంపల్స్ ముందు చక్రం 180 మిల్లీమీటర్ల దాకా పైకీ కిందకీ ఆడగలదు. ఊళ్లో తిరిగే బైకులకు అంత పొడవు ఫోర్కులుండవు. కాబట్టి వాటివి తెచ్చి తగిలించడం కుదరదు. తగిలించినా బండి ముక్కు కిందకు వాలిపోతుంది.

ఒక కొట్టు... ఇల్లై. రెండో కొట్టు... ఇల్లై. మూడోచోట ఇంపల్స్ పేరు వినగానే ఓ ముసలాయన నవ్వాడు. "ఆరేడేళ్ల కింద రావాల్సింది. అప్పుడు పాత ఇనుము ధరకు ఇచ్చేశాం."

వాళ్ల దగ్గరున్న పైపుల మీద క్రోమ్ పూత లేచిపోయి గుంటలు పడ్డాయి. అందుకే ఎన్ని ఆయిల్ సీళ్లు మార్చినా రెండు నెలలకే చిరుగుతున్నాయి. పూత సంగతైతే భయం లేదు. గ్రైండింగ్ చేసి హార్డ్ క్రోమ్ వేసేవాళ్లు అంబత్తూరు పారిశ్రామికవాడలో ఉన్నారు. అయితే పైపు తిన్నగా ఉండాలి. మామ ముసలాయన బల్ల మీది మందపాటి అద్దంపై ఒక పైపును దొర్లించాడు. చప్పుడు లేకుండా దొర్లింది. రెండోది దొర్లిస్తే 'టక్... టక్' మంది. మధ్యలో అద్దానికీ దానికీ సన్నటి వెలుతురు. వంగిపోయింది.

"ప్రెస్సులో పెట్టి వంకర తీయించొచ్చు కదా మామా. మన షెడ్డులో ఎన్ని తీయించలా?"

"రోడ్డు మీద పోయే బండికి తీయిస్తా. కొండ దిగే బండికి నేను తీయించను. అది మళ్లీ వంగదురా... ఒకేసారి విరుగుతుంది. మీ అమ్మకు నేనేం చెప్పాల?"

లెక్క ఎటు మొగ్గింది?

ఆ మాటతో ఇద్దరూ టీకొట్టు బెంచీ మీద కూర్చుని అసలు లెక్క మొదలుపెట్టారు. బోరు పని, చైన్ స్ప్రాకెట్, కోన్ సెట్టు, వెనక స్వింగార్మ్ బుష్‌లు, రెండు గళ్ల టైర్లు... ఫోర్కు మాట వదిలేసినా ముప్ఫై వేలకు చేరింది. పైగా ఆర్సీ గడువు 2027లో ముగుస్తుంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకే పొడిగిస్తారు. 2022 నుంచి దానికి ద్విచక్ర వాహనాలకు ఫీజు వెయ్యి రూపాయలు. ఫీజు పెద్ద మొత్తమేం కాదు. ఆ ఐదేళ్లలో మళ్లీ ఓ ఫోర్కు పోతే ఎక్కడ వెతకాలన్నదే ప్రశ్న.

కొత్తదా? ఇంపల్స్ తర్వాత హీరో 2019లో ఎక్స్‌పల్స్ 200 తెచ్చింది. 220 మిల్లీమీటర్ల ఎత్తు, ముందు 21 అంగుళాల చక్రం. 2025లో 210 వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి 350 సీసీలోపు బైకులకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అయినా కొత్త బండి చేతికి రావాలంటే లక్షన్నరకు పైమాటే. కాంట్రాక్టు జీతానికి నెలనెలా వాయిదా... అల్లుడు తల అడ్డంగా ఊపాడు. మధ్యేమార్గం మామే చెప్పాడు. వాడిన ఎక్స్‌పల్స్ 200 ఒకటి చూసుకోవడం. ఆ ముప్ఫై వేలను ఇంపల్స్ మీద పోయకుండా దాని మీద పెట్టడం. మంచి సలహా. ఎందుకంటే అది ఊళ్లలో బాగా తిరుగుతున్న బండి. రేపు విరిగేదేదైనా షోరూములోనే దొరుకుతుంది. సరదాకు వారానికోసారి తిప్పేవాడైతే ఇంపల్స్‌ను ఏడాదైనా విప్పి పెట్టుకుని సామాను కోసం కాచుకోవచ్చు. టవరు ఆగిందని ఫోనొచ్చేవాడికి ఆ తీరిక లేదు.

మరి ఇంపల్స్‌ను ఏం చేయాలి? ముసలాయన్నే అడిగారు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అంటారు కదా... ఇక్కడ కొంత తిరగబడింది. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టాడు. ట్యాంకు, సీటు, వెనక షాకబ్జరు, 19 అంగుళాల ముందు రిమ్ము... నిలబెట్టి అమ్మితే వచ్చేదానికంటే విప్పి అమ్మితేనే ఎక్కువ! "కానీ ఆర్సీ రద్దు కాగితంతో రండి. అది లేకుండా నేను ముట్టను" అన్నాడు. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగిస్తే ఇచ్చే సర్టిఫికెట్ మీద కొత్త సొంత వాహనం పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇచ్చే వెసులుబాటును కేంద్రం 2022లో రాష్ట్రాలకు కల్పించింది. వాడిన బండి కొనేవాడికి దాంతో పనిలేదు. ముసలాయన దారే నయం.

అల్లుడు మాత్రం అవునని అనలేదు. ఐదేళ్లు వానలో, చీకట్లో ఇంటికి చేర్చిన బండి. "ఊరెళ్లాక ఆలోచిద్దాంలే మామా" అని దాటేశాడు.

అప్పుడే చిక్కమగళూరు కాఫీ తోటల వైపు నుంచి వచ్చిన ఇద్దరు కొట్లోకి అడుగుపెట్టారు. ఇంపల్స్ ఫోర్కు పైపు కావాలి. ఒక్కటి చాలు. తమది ఒకటి బాగానే ఉంది, రెండోది జీపు తగిలి విరిగింది. ముసలాయన సమాధానం చెప్పకుండా కావలివాళ్ల వైపు చూశాడు. పైపుల్లో కుడి, ఎడమ తేడా ఉండదు. ఏదైనా ఎటైనా సరిపోతుంది.

మామ నోరు మెదపలేదు. బండి తనది కాదుగా. అల్లుడు గోనెసంచి ముడి కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత విప్పాడు. అద్దం మీద చప్పుడు చేయకుండా దొర్లిన పైపును ఏరి, చొక్కా అంచుతో తుడిచి బల్లమీద పెట్టాడు.

"క్రోమ్ వేయించుకోండన్నా, తిన్నగానే ఉంది" అన్నాడు.