దాణా మూట వెనుక

పాల కథ చెప్పుకునేటప్పుడు దాణాను మరచిపోతాం. 1964 అక్టోబరులో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గుజరాత్‌లోని ఆణంద్‌కు వచ్చింది కంజరిలో అమూల్ సహకార సంఘం కట్టిన పశుదాణా కర్మాగారం ప్రారంభానికే. ఆ పర్యటనలో ఒక రాత్రి పల్లెలో బస చేసి రైతులతో మాట్లాడారు. మరుసటి ఏడాది జాతీయ డెయిరీ అభివృద్ధి బోర్డు పుట్టింది. నూనె తీసిన చెక్క, తవుడు, మొలాసిస్: మిల్లుల్లో మిగిలినవే గేదెకు బలమయ్యాయి, ఇల్లాలి చేతికి పాల డబ్బయ్యాయి. ఇంటి కుడితి, చొప్ప ఉండగా కొన్న దాణాకు రైతును అలవాటు చేయడం తగునా అంటారు కొందరు. ఆ భయం నిజమే. పచ్చిమేత లోటును ఏ మూటా పూర్తిగా తీర్చదు. కానీ కంజరి దాణా తయారుచేసే సంఘమూ, కొనే రైతులూ వేరు కాదు. ధర భారమైతే అడగడానికి వాళ్లకు ఊరి పాల సంఘంలో ఓటుంది, వ్యాపారి కొట్లో లేనిది అదే.