చెరువు గట్టు మీద తెర మార్పు

బొమ్మలతో ప్రోగ్రాములు రాయడమంటే మన సాఫ్ట్‌వేర్ జనాభాకి కాస్త చిన్నచూపు. జావాలోనో సీలోనో వేల లైన్లు రాసేవాడికి, డబ్బాలు గీసి బాణాలు కలిపేవాడు అసలు ప్రోగ్రామరులానే కనపడడు. నేను మాత్రం మా బావగారి చేపల చెరువు పుణ్యమా అని ఫ్లోకోడ్ లాంటి వాటికి అభిమానినైపోయాను. మనం ఫ్లోచార్టు గీస్తే చాలు, పిక్, ఏవీఆర్ లాంటి మైక్రోకంట్రోలర్లకి కోడు అదే తయారుచేసి పెడుతుంది. ఎల్సీడీ కావాలా? జాబితాలోంచి తీసి పెట్టుకోండి. వద్దా? దాన్ని తీసేసి ఇంకోటి పెట్టండి. అంతే.

ఆ "అంతే" అన్న చోటే అసలు కథంతా ఉంది.

ఏలూరు నుంచి కైకలూరు వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు, ఎటు చూసినా చెరువులే. శీలావతి, బొచ్చె పెంచేవాళ్ళకి తెల్లవారుజాము గండం లాంటిది. పగలు నీళ్ళలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే ఆ నాచే, చేపలతో పాటు, ఉన్న ఆక్సిజన్ని వాడేసుకుంటుంది. మబ్బు పట్టిన రోజైతే పగలు చేరేదే తక్కువ. లీటరుకి 5 మిల్లీగ్రాములుంటే దిగుల్లేదు. 3 కన్నా దిగితే చేపకి కష్టం, ఇంకా దిగితే పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆ పాటికి ఏరేటర్లు తిరుగుతూ ఉండకపోతే పొద్దున్నకి పెట్టుబడంతా నీళ్ళ మీద తేలుతుంది.

అందుకని గట్టు మీద ఓ పెట్టె పెట్టాం. నీళ్ళలో సెన్సరు, పెట్టె మీద వరుసకి 16 అక్షరాల చొప్పున రెండు వరుసల ఎల్సీడీ. రాత్రి కాపలా ఉండే పెద్దాయన నాలుగు రోజులు చూసి, "అంకె కనపడతంది గానీ బాబూ, అది మంచిదో సెడ్డదో నాకెలా తెలుత్తాది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. మూడింటప్పుడు నిద్ర కళ్ళతో చూసే మనిషికి కావలసింది దశాంశ స్థానాలు కాదు, ఏం చెయ్యాలో చెప్పే ఒక్క మాట. అదీ తెలుగులో.

ఇక్కడ ఆ చవక ఎల్సీడీ చేతులెత్తేస్తుంది. ఇలాంటివాటి లోపల సాధారణంగా ఉండేది హిటాచీ వాళ్ళ హెచ్‌డీ44780 చిప్పు, లేదా దాని నకలు. అందులో ఒక్కో అక్షరానికి అడ్డం 5, నిలువు 8 చుక్కలు. జపాన్ వాళ్ళ చిప్పు కాబట్టి ఒక రకంలో ఇంగ్లీషు పక్కన కటకానా అక్షరాలు కూడా ఉంటాయి. మన సొంత అక్షరాలు గీసుకోడానికి మాత్రం ఎనిమిదే గళ్ళు. ఐదు చుక్కల వెడల్పులో "క్సి" రాసి చూడండి, గుడీ ఒత్తూ కలిసి ముద్దయిపోతాయి.

సరే, చుక్క చుక్కా మనమే వెలిగించుకునే 128 అడ్డం, 64 నిలువు గ్రాఫిక్ ఎల్సీడీకి మారదామనుకున్నాం. దొరికిన దాంట్లో ఎస్టీ7920 చిప్పు ఉంది. దాని పొట్టలో 8192 చైనా అక్షరాలు సిద్ధంగా ఉన్నాయి! ఎవడి గుమ్మంలో తయారైన చిప్పు వాడి భాష మాట్లాడుతుంది, తప్పేం లేదు. కాకపోతే మన భాష మనమే ఎక్కించుకోవాలి.

ఇక మార్పిడి సంగతి. పాత ఎల్సీడీకి ఫలానా గడిలో ఈ మాట రాయమంటే రాస్తుంది. కొత్తదేమో పిక్సెళ్ళలో అడ్డమెంత, నిలువెంత, ఏ ఫాంటు అని అడుగుతుంది. పాత పిలుపులన్నీ ఒక్కొక్కటే వెతికి మార్చాలి. అది విసుగు పనే గానీ ప్రమాదం లేదు. ప్రమాదం వేరేచోట ఉంది. పాతదాంట్లో గడిలో కొత్త అక్షరం రాయగానే పాతది పోయేది. గ్రాఫిక్ తెర మీద వెనక భాగం చెరపకుండా రాస్తే పాత చుక్కలు అలాగే ఉంటాయి. 8 మీద 3 రాస్తే ఏం కనిపిస్తుంది? దాదాపు 8. ఆక్సిజన్ 3కి పడిపోయిన వేళ తెర మీద 8 చూసి కాపలా మనిషి హాయిగా పడుకుంటాడు. ప్రోగ్రాం దృష్టిలో మాత్రం అన్నీ సక్రమంగానే నడుస్తున్నట్టు.

అందుకే ఫ్లోచార్టులో తెరని ఎక్కడపడితే అక్కడ నేరుగా పిలవడం మానిపించాను. "బాగుంది", "తగ్గుతోంది", "ప్రమాదం", "సెన్సరు చెడింది" అని నాలుగు సొంత మాక్రోలు. ముందు చెరపడం, తర్వాత గీయడం వాటి లోపలి బాధ్యత. రేపు తెర మళ్ళీ మారినా ఆ నాలుగే తెరిచి దిద్దుకోవాలి. ఆఫీసులో మనం ఇంటర్‌ఫేసు, ఆబ్స్ట్రాక్షన్ అని గంటలు గంటలు చెప్పుకునేది ఇదే. నాలుగోది మాత్రం మరిచిపోకూడదు. వైరు తెగితే సున్నా అని చూపించడం కూడా అబద్ధమే.

తెలుగు మాటేమిటంటారా? 2 కిలోబైట్ల ర్యామ్ ఉన్న చిన్న చిప్పులో గుణింతాలూ ఒత్తులూ పేర్చే ఇంజిన్ పెట్టలేం. కానీ మనకి కావలసింది నాలుగే వాక్యాలు. కంప్యూటర్లో తెలుగులో టైపు చేసి, బొమ్మలుగా మార్చి పెట్టుకున్నాం. ఒక్కోటి 128 అడ్డం, 32 నిలువు, అంటే 512 బైట్లు. నాలుగూ కలిపి 2 కిలోబైట్లు. 32 కిలోబైట్ల ఫ్లాష్‌లో ఇదో లెక్కా? మూడో బొమ్మలో ముందు "ఏరేటర్ వెయ్యి" అని ఉండేది. మా బావగారు చూసి "అంత పెద్దాయన్ని పట్టుకుని వెయ్యి ఏంటి బావా, వెయ్యండి అని పెట్టు" అన్నారు. కాస్త ఇరుకైనా పట్టింది.

ఇప్పుడు ఆ పెద్దాయన అర్ధరాత్రి ఫోన్లు చేసి అంకెలు చదవడం లేదు. తెర చూసుకుని తనే మీట వేస్తున్నాడు.

భాగాల జాబితాలో తెలుగు తెర ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడక్కర్లేదని నాకనిపిస్తుంది. చదివే మనిషెవరు, ఏ వేళప్పుడు చదువుతాడు, చదివి ఏం చెయ్యాలి అన్నది ముందు తేల్చుకుంటే తెర ఏదైనా ఒకటే. అది తేల్చుకోకపోతే ఎంత ఖరీదైన తెర పెట్టినా గట్టు మీద వెలిగే ఇంకో దీపమే. ఏమంటారు?